ఆటను మందులా ఇస్తే పిల్లవాడు మింగడు

ప్రశ్న: మాస్టారూ, మాది నెల్లూరు, వేదాయపాళెం. మా అబ్బాయికి పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. రెండేళ్ళ కిందట కళ్ళద్దాలు వచ్చాయి. అప్పుడు ఒకటిన్నర ఉన్న పవరు ఈ వేసవికి రెండున్నర అయింది. ఫోను తగ్గించి రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడించమని కంటి డాక్టరు చెప్పారు. వెంటనే మంచి పేరున్న షటిల్ అకాడమీలో చేర్పించాం. ఖరీదైన రాకెట్టు, బూట్లు అన్నీ కొన్నాం. రెండు నెలలు వెళ్ళి మానేశాడు. బలవంతం చేస్తే కడుపునొప్పి అంటాడు. మా వారు రొయ్యల చెరువుల పని మీద వారంలో నాలుగు రోజులు ఊళ్ళో ఉండరు. ఎండలో తిరిగితే నల్లబడతాడని, వడదెబ్బ తగులుతుందని మా అత్తగారి గొడవ. రోజూ రెండు గంటలు ఆటలకు పోతే చదువు ఏమవుతుందని నాకూ భయమే. అమ్మాయితో ఈ బాధ లేదు. ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ, ఇల్లు తప్ప వేరే ధ్యాస లేని పిల్ల. వీణ్ణి ఆటకు పంపే దారి చెప్పండి.
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అబ్బాయి కోసం, రెండోసారి అమ్మాయి కోసం. అమ్మాయి సంగతికి తర్వాత వస్తాను. అక్కడ నాకు కాస్త కోపం కూడా వచ్చింది. ముందు మీరు అడిగినదానికి జవాబు చెప్పాలి కదా.

ప్రకాశం, నెల్లూరు జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ముప్పై రెండేళ్ళు డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. పిల్లలు ఆట ఎగ్గొట్టడానికి చెప్పే సాకులన్నీ నాకు కంఠతా వచ్చు. కాలు బెణికింది, బూట్లు తెగిపోయాయి, అమ్మమ్మ పోయింది (ఒకడికి ఒకే ఏడాది ముగ్గురు అమ్మమ్మలు పోయారు). వీటన్నిటిలో పాతది కడుపునొప్పి. అది అబద్ధం కాదమ్మా. ఆ వేళకు నిజంగానే కడుపులో తిప్పుతుంది. ‘ఈ ఆట నాది కాదు’ అని పెద్దవాళ్ళకు చెప్పడం చేతగాని పిల్లవాడి తరఫున కడుపు మాట్లాడుతుంది.

ఒక్కసారి వాడి వైపు నుంచి చూడండి. స్కూలు బస్సు దిగుతాడు. పుస్తకాల సంచి దించి రాకెట్టు సంచి తగిలించుకుంటాడు. అక్కడ వరుసలో నిలబెడతారు, ఒకే దెబ్బ వంద సార్లు కొట్టిస్తారు, తప్పు కొడితే కేకేస్తారు. గోడ పక్కన కుర్చీల్లో తల్లిదండ్రులు కూర్చుని ఫోన్లలో వీడియోలు తీస్తుంటారు. ఇంటికి రాగానే ‘ఈరోజు ఏం నేర్పించారు?’ అని ప్రశ్న. ఫీజు కట్టాం కాబట్టి అడుగుతాం, తప్పు లేదు. కానీ చెమట తప్ప ట్యూషన్‌కూ దీనికీ తేడా ఏమిటి? రాష్ట్రస్థాయిలో ఆడాలని కలలు కనే పిల్లలకు అకాడమీ కావాలి, అక్కడ పనిచేసే శిక్షకుల కష్టం నాకు తెలుసు. మీ వాడు ఆ కల కనలేదు. కంటి పవరు పెరిగిందని శిక్ష పడింది, అంతే. ఆటను మందు చీటీలో రాసి గ్లాసులో పోసి ఇచ్చారు. పిల్లవాడు ఉమ్మేశాడు.

ఇంకో సంగతి. డాక్టరు ‘ఆరుబయట’ అన్నారు. షటిల్ అకాడమీలు చాలావరకు రేకుల షెడ్డు కింద ఉంటాయి. గాలికి షటిల్ పక్కకు పోతుంది కాబట్టి తలుపులు కూడా మూసే ఉంచుతారు. ఒళ్ళు అలిసే మాట నిజమే గాని, కంటికి కావాల్సిన మందు అక్కడ లేదు. కంటికి కావాల్సింది పరుగు కాదు, పగటి వెలుతురు. ఇంట్లో ట్యూబులైటు కింద వెలుతురు మూడు నాలుగు వందల లక్సులు (వెలుతురును కొలిచే కొలత) ఉంటే ఎక్కువ. ఆరుబయట పట్టపగలు అది పదివేలు దాటుతుంది, నడినెత్తి ఎండలో లక్ష దాకా పోతుంది. చెట్టు నీడలో కూర్చున్నా గదిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మన కళ్ళు సర్దుకుంటాయి కాబట్టి ఆ తేడా మనకు తెలియదు.

పెరిగే వయసులో కనుగుడ్డు ఉండాల్సినదానికంటే వెనక్కి సాగితే, దూరపు వస్తువు రూపం వెనకున్న తెర (రెటీనా) మీద కాకుండా తెరకు ముందే ఏర్పడుతుంది. నల్లబల్ల మీది అక్షరం అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. హ్రస్వదృష్టి అనేది ఇదే. పగటి వెలుతురు పడినప్పుడు రెటీనాలో డోపమిన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలై ఆ సాగుడుకు అడ్డం పడుతుందని పరిశోధకుల అభిప్రాయం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 2010లో పన్నెండు ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, వాటిలో సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మూడేళ్ళ తర్వాత చూస్తే మామూలు బడుల్లో 39.5 శాతం పిల్లలకు కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది, బయట తిరిగిన బడుల్లో 30.4 శాతానికే వచ్చింది. తైవాన్‌లో అదే 2010 నుంచి పిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచాలని బడులకు చెబుతున్నారు. మీ డాక్టరు గారి రెండు గంటల లెక్క వెనక ఉన్నది ఇలాంటి అనుభవమే.

ఇక్కడ మీకు ఉన్నమాట చెప్పాలి. ఆరుబయటి వెలుతురు ఎక్కువగా పనిచేసేది అద్దాలు ఇంకా రాని పిల్లల్లో. సాగిన కన్ను మళ్ళీ కురచ కాదు. మైదానానికి పంపినంత మాత్రాన రెండున్నర ఒకటిన్నరకు దిగిరాదు. పెరుగుదల కొంత నెమ్మదిస్తుందని ఆశపడవచ్చు. అందుకని ఆటను నమ్ముకుని డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకండి. పవరు పెరుగుదలను నెమ్మదింపజేసే చుక్కల మందులు, ప్రత్యేకమైన అద్దాలు ఇప్పుడు ఉన్నాయి, వాటి గురించి ఆయన్నే అడగండి. ఆటలో వాడే కళ్ళజోడుకు పగలని పాలికార్బనేట్ అద్దాలు, వెనక ఒక తాడు పెట్టించండి. గాజు అద్దాలతో మైదానంలోకి పంపవద్దు.

ఆ రెండు గంటలూ ఒకే దఫా పరుగెత్తాలని కూడా ఎవరూ అనలేదు. పొద్దున బస్సు ఎక్కే చోటికి నడక, మధ్యాహ్నం బడిలో చెట్టు కింద భోజనం, ఆ పావుగంట గంతులు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. చెమట పట్టే ఆట విడిగా ఒక గంట చాలు. అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒక మోస్తరు నుంచి గట్టి శ్రమ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలు ఇద్దరు ఉన్నారు. గుర్తుపెట్టుకోండి.

సరే, పంపడం ఎలా? పంపవద్దు. వెళ్ళేలా చూడండి.

మీ వీధిలోనో అపార్ట్‌మెంటులోనో వాడి ఈడు పిల్లలు ఇద్దరైనా ఉంటారు. ఒక ఆదివారం వాళ్ళను ఇంటికి పిలిచి దోసెలు పోయండి. ముగ్గురికీ కలిపి ఒక బంతి కొనివ్వండి. టెన్నిస్ బంతి చాలు, కార్క్ బంతి వద్దు. దంతాలు విరిగిన పిల్లలను ఆసుపత్రికి మోసుకెళ్ళిన అనుభవంతో చెబుతున్నాను. ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోండి. కష్టమైన పని అదే. ఎక్కడ ఆడుకోవాలో వాళ్ళే వెతుక్కుంటారు. ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియం ఉంది, వి.ఆర్. కళాశాల మైదానం ఉంది, లేఅవుట్లలో ఇంకా ఇళ్ళు కట్టని ఖాళీ స్థలాలు ఉన్నాయి. పెద్ద కుర్రాళ్ళు మైదానాన్ని ఆక్రమించి ఉంటారని ఏడుస్తూ రావచ్చు. రానివ్వండి. నెల రోజులు గీత అవతల నిలబడి బంతులు ఏరి ఇచ్చినవాడికి ముప్పయ్యో రోజున ఒకడు రాకపోతే చోటు దొరుకుతుంది. మన రోజుల్లో మాత్రం ఏముంది, ప్రతివాడూ మొదట ఆటలో అరటిపండే కదా!

క్రికెట్టే ఆడాలని కూడా లేదు. ముగ్గురుంటే బిళ్ళంగోడు, అయిదుగురుంటే ఏడుపెంకులాట, పదిమంది చేరితే చెడుగుడు. చెడుగుడుకు ఖర్చు సున్నా, కావాల్సింది ఊపిరి, మోకాళ్ళు గీరుకుపోయినా పట్టించుకోని మనసు.

పెద్దవాళ్ళు లేని ఆటలో ఒక విద్య ఉంది. అది నేను ముప్పై రెండేళ్ళూ విజిలు ఊదుతూ కూడా నేర్పలేకపోయాను. నేను అంపైరుగా ఉంటే పిల్లలు ప్రతి గొడవకూ నావైపు చూసేవాళ్ళు. నేను పక్కకు వెళ్ళి వేపచెట్టు చాటున నిలబడితే కథ మారిపోయేది. ముందు పంటలు వేసుకునేవాళ్ళు. ఒకడు తొండి చేసేవాడు. ‘ఔటు’ అని నలుగురు, ‘కాదు’ అని నలుగురు. ఒకడు బ్యాటు నాది అని చంకన పెట్టుకుని కచ్చి కొట్టి వెళ్ళిపోయేవాడు (ఒంగోలు వైపు పిల్లలు కచ్చి అంటే ఇంకోచోట పచ్చి అంటారు, కోపం ఒకటే). పది అడుగులు వేసి వెనక్కి చూసేవాడు. వీళ్ళు రాయిని వికెట్టు చేసి కర్రతో మొదలుపెట్టేసేవాళ్ళు. వాడు తిరిగి వచ్చేవాడు. గొడవ తెగకపోతే ఆట ఆగుతుంది, ఆట ఆగడం ఎవరికీ ఇష్టం ఉండదు, అందుకే గొడవ తెగుతుంది. రేపు మీ వాడు ఉద్యోగంలో నలుగురితో నెగ్గుకు రావడానికి ఏ కోర్సు చేయించాలా అని ఆలోచిస్తారు చూడండి, ఆ కోర్సు ఫీజు లేకుండా దొరికే చోటు ఆ మైదానం.

ఆనందం గురించి మీరు అడగలేదు. డాక్టరు కూడా రాయలేదు. అయినా చెబుతాను, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. కొత్తపట్నం వైపు సముద్రపు ఒడ్డున ఒక ఊళ్ళో మూడేళ్ళు పనిచేశాను. బడికి ఆటస్థలం లేదు. మొదటివారం నేను నిబంధనల పుస్తకం పట్టుకుని, టేపుతో కొలిచి, సున్నంతో గీతలు వేయించి వాలీబాల్ కోర్టు తయారుచేయాలని చూశాను. పొద్దున్నే గాలికి ఇసుక వచ్చి గీతలను మింగేసేది. పిల్లలు నన్ను చూసి జాలిపడ్డారు. మర్నాటికి రెండు సరుగుడు గుంజలు పాతి, వాళ్ళ నాన్నలు పారేసిన చేపల వల ముక్క ఒకటి అడ్డంగా కట్టారు. వలకు ఇంకా చేపల వాసన పోలేదు. గీతలకు బదులు ఇసుకలో మడమతో గాడి. నిబంధనలు రెండే: బంతిని సముద్రంలోకి కొట్టినవాడే ఈదుకెళ్ళి తేవాలి, మాస్టారు కొట్టినా సరే. సాయంత్రం నాలుగు దాటితే సముద్రం మీది గాలి చల్లగా తగిలేది. తెల్లవారుజామున నాన్నతో పడవలో వేటకు వెళ్ళివచ్చి, బడిలో మూడో పీరియడుకే తల వాల్చేసే పిల్లవాడు అక్కడ వల మీదుగా గాలిలోకి లేస్తే, నేను పాయింటు చెప్పడం మరిచిపోయి చూస్తుండేవాణ్ణి.

ఆ జట్టును ఒంగోలుకు గ్రిగ్ పోటీలకు (బడుల మధ్య జరిగే ఆటల పోటీలు) తీసుకెళ్ళాను. మూడేళ్ళు ఇసుకలో ఎగిరిన కాళ్ళు అవి. ఇసుక కాలిని లోపలికి లాగుతుంది, ప్రతి ఎగురుకూ పిక్కలు రెట్టింపు పని చేయాలి. ఒంగోలులో నేల గట్టిగా ఉంది. మొదటి బంతికే మా షూటరు ఎంత ఎత్తుకు లేచాడంటే బంతి వాడి అరచేతికి కాక మోచేతికి తగిలింది. వాడు కిందికి దిగి తన కాళ్ళవైపు చూసుకున్నాడు, ఇవి నావేనా అన్నట్టు. మ్యాచ్ ఓడిపోయాం. అలవాటైనదానికంటే పైకి లేస్తూ బంతులన్నీ గీత అవతలికి కొట్టారు. తిరుగు బస్సులో నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే, వెనక సీట్లలో వాళ్ళు ఎవడు ఎంత ఎత్తు లేచాడో చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారు. తన ఒంటికి ఇంత బలం ఉందని పిల్లవాడికి మొదటిసారి తెలిసిన రోజు అది. ఆ రోజు మీ వాడికి ఇంకా రాలేదు. వచ్చిందంటే ఇక మీరు పంపనక్కర్లేదు, ఇంటికి పిలవాల్సి వస్తుంది.

అత్తగారి మాటకు వద్దాం. వడదెబ్బ విషయంలో ఆమెది నూటికి నూరుపాళ్ళు సరైన మాట. మన నెల్లూరు ఎండ సంగతి ఆమెకు తెలిసినంత మీకూ నాకూ తెలియదు. రోహిణి కార్తెలో పట్టపగలు పిల్లలను మైదానంలోకి పంపేవాళ్ళను నేనూ తిడతాను. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడున్నర లోపల, సాయంత్రం అయిదు దాటాక. ఆ వేళకు సముద్రపు గాలి కూడా ఊళ్ళోకి వస్తుంది. వెళ్ళేముందు ఉప్పు వేసిన మజ్జిగ ఒక గ్లాసు, వెంట సీసాతో నీళ్ళు, దాహం వేయకపోయినా మధ్యమధ్య రెండు గుక్కలు. తలనొప్పి, వికారం అంటే నీడకు రావాలి. మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా, మనిషి మత్తుగా ఉన్నా ఆలస్యం చేయకుండా తడిగుడ్డలు కప్పి విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇది వాడికీ వాడి స్నేహితులకూ నేర్పండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అసలు వానాకాలం, తుపాన్ల కాలం. బురదలో ఆడితే బట్టలు పాడవుతాయి, అంతకుమించి ఏమీ కాదు. ఉరిమితే మాత్రం ఇంటికి వచ్చేయాలి. పెన్న ఇసుకలో ఆట ఎంత బాగున్నా, ఇసుక తవ్విన గుంతల్లో నీళ్ళు చేరిన రోజుల్లో అటువైపు వద్దే వద్దు. పైకి మోకాలిలోతుగా కనిపించి మనిషిని నిలువునా ముంచే గుంతలు అవి. మైపాడు వెళ్ళినా ఒడ్డున ఆడుకోమనండి, అలల్లోకి దిగడం పెద్దవాళ్ళు పక్కన ఉంటేనే.

నల్లబడటం సంగతి మాత్రం ఆమెతో వాదించకండి. ‘అత్తయ్యా, మీరు చిన్నప్పుడు ఏం ఆడేవాళ్ళు?’ అని అడిగి ఊరుకోండి. తొక్కుడుబిళ్ళ, కోతికొమ్మచ్చి, బావిలో దూకుళ్ళు, ఏదో ఒకటి బయటికి వస్తుంది. మనవడు పక్కన ఉన్నప్పుడే అడగండి. ఎండకు వచ్చిన నలుపు నాలుగు నెలల్లో పోతుంది. అన్నట్టు, సాయంత్రం ఆటతో విటమిన్ డి దండిగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మన నీడ మనకంటే పొడవుగా పడే వేళల్లో ఆ కిరణాలు చాలా తక్కువ. సెలవు రోజు పదింటికి ఒక పది పదిహేను నిమిషాలు ఎండ తగిలితే దానికి అది వేరే లెక్క.

చదువు గురించి మీ భయానికి నా దగ్గర హామీపత్రం లేదు. ఆడితే మార్కులు పెరుగుతాయని చెప్పి మిమ్మల్ని ఒప్పించడం నాకు ఇష్టం లేదు. అలా చెబితే మార్కులు తగ్గిన రోజున బంతి అటక ఎక్కుతుంది. నేను చూసింది చెబుతాను. ఆడి వచ్చిన పిల్లవాడు ఆకలేసి తింటాడు, తొమ్మిదిన్నరకు మంచం చేరితే పొద్దున పిలిస్తే లేస్తాడు. పగటి వెలుతురులో తిరిగిన ఒంటికి రాత్రి ఏదో, పగలు ఏదో తెలుస్తుంది. ఇప్పుడు ఆ వేళలో వాడు చదువుతున్నాడా అంటే మీ ఉత్తరాన్ని బట్టి ఫోను చూస్తున్నాడు. ఆట తినేది ఫోను వేళనే. ఫోను లాక్కుని మైదానానికి తరమకండి. ఫోను దక్కని శిక్షగా కూడా ఆట మారిపోతుంది.

ఇక మీ అమ్మాయి.

మీ ఉత్తరంలో ఆ పిల్లకు మూడు చిన్న వాక్యాలు దక్కాయి. ‘ఈ బాధ లేదు’ అన్నారు. అమ్మా, పదహారేళ్ళ పిల్ల కాలేజీ నుంచి ఇంటికి, ఇంటి నుంచి కాలేజీకి, మధ్యలో బస్సులో తప్ప ఆకాశం చూడకుండా ఉంటే అది బాధ కాదా? మాట్లాడకుండా ఉంది కాబట్టి మంచి పిల్ల అయింది. మన ఊళ్ళలో ఇంటర్ కాలేజీలు చాలావరకు ఎలా ఉన్నాయో మీకు తెలుసు. అయిదంతస్తుల మేడ, కింద బండ్లు నిలిపే చోటు, ఆటస్థలం ఉండాల్సిన చోట ఇంకో మేడ. తమ్ముడికి పవరు పెరిగితే డాక్టరు, రాకెట్టు, బూట్లు, పాఠకుల శీర్షికకు ఉత్తరం. అక్క ఒంట్లో ఏం తరుగుతున్నదో కొలిచినవాళ్ళు లేరు.

తరిగేది ఏమిటో చెబుతాను. ఆడపిల్లల్లో ఎముకల గరిష్ఠ సాంద్రతలో సుమారు 90 శాతం పద్ధెనిమిదేళ్ళ లోపలే సమకూరుతుంది. గంతులు, పరుగు, నేలను తన్ని ఎగరడం, వీటి తాకిడికి ఎముక గట్టిపడుతుంది. ఆ వయసు దాటాక పాలు, మాత్రలు ఎన్ని పోసినా ఆ అవకాశం అంతగా దొరకదు. యాభై దాటాక స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకునే ఆడవాళ్ళను మీరు చూసే ఉంటారు. వాళ్ళ కథలో కొంత పదహారేళ్ళ వయసులోనే మొదలవుతుంది. ఇంకోటి, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నాలుగు అడుగులు పరుగెత్తితే ఆయాసం వస్తున్నదంటే బద్ధకం అని తిట్టకండి, ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. నెలసరి రోజుల్లో ఆడకూడదనే నియమం వైద్యంలో ఎక్కడా లేదు. ఓపిక ఉంటే ఆడుతుంది, లేకపోతే కూర్చుంటుంది. అది తన ఇష్టం.

నా దగ్గర ఒక తప్పు ఉంది. ఎన్నాళ్ళయినా అరగదు. ప్రకాశం జిల్లాలో పడమటి వైపు ఒక ఊళ్ళో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఖోఖో ఆడేది. ఎలా ఆడేదంటే, తరిమేవాడి చెయ్యి వీపుకు బెత్తెడు దూరంలో ఉండగా స్తంభం పట్టుకుని గిరుక్కున తిరిగి, వాణ్ణి ఎదురుగా ఉన్న గాలిని పట్టుకునేలా చేసేది. పావడా అంచు నడుముకు దోపి, కాళ్ళకు చెప్పుల్లేకుండా. జిల్లా జట్టుకు ఎంపికైంది. పక్క జిల్లాకు రెండు రోజులు వెళ్ళాలి. తండ్రి వద్దన్నాడు. ‘వయసొచ్చిన పిల్లను బస్సెక్కించి ఊళ్ళు తిప్పుతారా?’ అని కబురు పంపాడు. ఆ సాయంత్రం నేను సైకిలు తీసుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాల్సింది. మా ఇంట్లో మా చెల్లెల్ని వెంట పంపుతానని చెప్పాల్సింది. వెళ్ళలేదు. జాబితాలో ఆమె పేరు కొట్టేసి ఇంకో పేరు రాశాను. మరుసటి ఏడాది ఆమె బడికే రాలేదు.

2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగింది. మగవాళ్ళూ ఆడవాళ్ళూ, మన రెండు జట్లూ ఫైనల్లో నేపాల్‌ను ఓడించి గెలిచాయి. గెలిచిన మగవాళ్ళ జట్టులో మన ప్రకాశం జిల్లా కుర్రాడు పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు. టీవీ ముందు కూర్చుని ఈల వేశాను, మా మనవరాలు చెవులు మూసుకుంది. మట్టిలో పుట్టిన ఆట మ్యాటు మీదికి, పైకప్పు కిందికి చేరిందని నాకు చిన్న గొణుగుడు ఉంది, అది వేరే సంగతి. ఆడపిల్లలు కప్పు ఎత్తుతుంటే మాత్రం నా కళ్ళు ఆ పావడా అంచు కోసం వెతికాయి.

అందుకని మీరు చేయాల్సిన మొదటి పని అబ్బాయితో కాదు. ఈ ఆదివారం పొద్దున ఆరింటికి అమ్మాయిని లేపి, మీరూ చెప్పుల బదులు బూట్లు వేసుకుని, ఇద్దరూ మైదానానికి నడవండి. మొదటి రోజు నడక చాలు. ఆడపిల్ల ఒక్కతే మైదానంలో నిలబడటం కష్టమే, చూపులు ఉంటాయి. నలుగురైతే మైదానం వాళ్ళదవుతుంది. కాలేజీ స్నేహితురాళ్ళ తల్లులకు మీరే ఫోను చేయండి. తల్లి పిలిస్తే తల్లి ఒప్పుకుంటుంది. నలుగురు దొరికితే త్రోబాల్, రింగు, ఏదైనా సరే. వాళ్ళకు తెలియకపోతే అక్కడ పొద్దున్నే నడిచే పెద్దవాళ్ళలో మాబోటి రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకడైనా ఉంటాడు. అడిగితే చాలు, ఇక ఆపడం మీ వల్ల కాదు. అక్క, అమ్మ పొద్దున్నే చెమటతో, ఎర్రబడిన ముఖాలతో, ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ ఇంట్లోకి వస్తే పదమూడేళ్ళవాడు ఎన్నాళ్ళు మంచం మీద ఫోను పట్టుకుని ఉంటాడో చూద్దాం. వాడు అడిగేదాకా మీరు రమ్మనకండి. వచ్చిన రోజు ఎంతసేపు ఆడావు, ఎన్ని కొట్టావు అని అడగకండి. కాళ్ళు కడుక్కుని రమ్మంటే చాలు.

అమ్మాయికి బూట్లు కొనాలి. తమ్ముడి ఖరీదైన జతలో సగం ధరవి చాలు. సాయంత్రం వేళ కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. తొడిగి నిలబడినప్పుడు బొటనవేలి ముందు వేలెడు చోటు ఉండాలి. కొట్లో నాలుగు గంతులు వేయమనండి. సిగ్గుపడితే మీరు కూడా వేయండి.